విచారణ వంతెన

ఎమ్మెల్యే వరాహ నరసింహం గారి పదవి ఊడిపోవాలని తవిటినాయుడు ఎంత గట్టిగా కోరుకున్నాడో, ఏడాది తిరిగేసరికి ఆ పదవి ఊడకూడదని అంతకు రెట్టింపు గట్టిగా కోరుకున్నాడు. ఈ రెండు కోరికలకీ మధ్య జరిగింది ఒక్కటే. ప్రభుత్వం అతనికి న్యాయం చేయడం మొదలుపెట్టింది.

తవిటినాయుడుది గుర్రాలవలస. షామియానాలు, కుర్చీలు, మైకుసెట్టు అద్దెకిస్తాడు. ఊరికీ తారురోడ్డుకీ మధ్య ఒక గెడ్డ, కొండల మీంచి దిగే వాగు, ఉంది. ఎండాకాలంలో ఆ గెడ్డలో మేకలు నిద్రపోతాయి. వానాకాలంలో అవే మేకలు అందులో కొట్టుకుపోతాయి. మనుషుల సంగతీ ఇంచుమించు అంతే.

అతని భార్య పైడమ్మకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారంలో రెండు మూడుసార్లు టౌనుకి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. కిందటి వానాకాలం గెడ్డ పొంగి తగ్గలేదు. పైడమ్మ ముఖం, కాళ్ళు ఉబ్బిపోయాయి. ఊపిరి అందక గిలగిలలాడుతుంటే, లారీ ట్యూబు మీద పడుకోబెట్టి నలుగురు పట్టుకుని ఈదుకుంటూ దాటించారు. ఆసుపత్రిలో డాక్టరు ఆమెను చూసి, తవిటినాయుణ్ణి పక్కకి పిలిచాడు.

"ఈసారికి దక్కింది. మళ్ళీ ఇలాగే ఆలస్యం చేశావంటే నా దగ్గరికి తీసుకురానక్కర్లేదు."

తవిటినాయుడు వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. అప్పుడు గుర్తొచ్చారు ఎమ్మెల్యే గారు.

ఎన్నికలప్పుడు తవిటినాయుడి షామియానా కిందే, తవిటినాయుడి మైకులోనే వరాహ నరసింహం గారు గర్జించారు. "ఈ గెడ్డ మీద వంతెన కట్టిస్తాను! మళ్ళీ మీ ఊళ్ళో అడుగుపెడితే ఆ వంతెన మీంచే నడిచొచ్చి పెడతాను! వంతెన లేకుండా ఈ ముఖం మీకు చూపించను!"

ఊరంతా ఈలలు వేసింది. ఆయన మాట తప్పలేదు కూడా. గెలిచిన దగ్గర్నుంచి ఇంతవరకూ ముఖం చూపించలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాష్ట్రంలో ఒక కొత్త చట్టం వచ్చింది. ఎన్నికల హామీల జవాబుదారీ చట్టం. హామీ ఇచ్చి నెరవేర్చలేదని రుజువైతే ఎమ్మెల్యే అయినా సరే పదవి పోతుంది. చట్టం వచ్చిన రోజు టీవీల్లో టపాకాయలు పేలాయి. రుజువు ఎలా చేయాలన్నది మాత్రం నిబంధనల్లో చూసుకోమన్నారు.

తవిటినాయుడు జిల్లా కేంద్రానికి బస్సెక్కాడు.

*

హామీల నిర్ధారణ సంఘం కమిషనర్ చిదానందం గారు ఫిర్యాదు చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"హామీ ఇచ్చారనడానికి నిదర్శనం?"

"ఊరంతా ఇన్నాది బాబూ. నా మైకే అది."

"వినికిడి నిదర్శనం కాదయ్యా. నిబంధనల ప్రకారం హామీని పునఃసృష్టి చేయాలి. అంటే, ఏ స్థలంలో ఇచ్చారో ఆ స్థలంలో, ఏ వాతావరణంలో ఇచ్చారో ఆ వాతావరణంలో, సదరు ప్రజాప్రతినిధి స్వయంగా హాజరై ఆ హామీని మరల ఉచ్చరించాలి. సంఘం చెవులారా వినాలి. హత్య కేసుల్లో పోలీసులు చేయించరూ? అదే పద్ధతి."

"అంటే మళ్ళీ మీటింగు ఎట్టాలేటి?"

"సభ అనరాదు. విచారణ అనాలి. షామియానా ఫిర్యాదుదారే వేయాలి."

తవిటినాయుడు సరేనన్నాడు. ఎమ్మెల్యే గారికి నోటీసు వెళ్ళింది. మర్నాడే ఆయన వకీలు సంఘం ముందు నిలబడి చేతులు జోడించాడు.

"అయ్యా, మా క్లయింటు రావడానికి సిద్ధం. కానీ వంతెన లేకుండా ఆ ఊళ్ళో అడుగుపెట్టనని ప్రజలకి మాటిచ్చి ఉన్నారు. ఇప్పుడు గెడ్డలో దిగి వస్తే ఆ హామీ భంగమవుతుంది. హామీలు కాపాడవలసిన సంఘమే ఒక హామీని భంగం చేయిస్తుందా?"

చిదానందం గారు నిటారుగా కూర్చున్నారు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత చక్కటి చిక్కు ఆయనకి ఎదురుకాలేదు. ఆ మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా ఆలోచించి ఉత్తర్వు చెప్పారు.

"ప్రతివాది హామీకి భంగం కలగకుండా హాజరయ్యేందుకు వీలుగా, విచారణ నిమిత్తం, సంఘం ఖర్చుతో, సదరు గెడ్డపై తాత్కాలిక వంతెన నిర్మించవలెను."

ఏళ్ళ తరబడి గెడ్డ లోతు కొలుస్తున్న ఇంజినీర్లు వారం తిరక్కుండానే లారీలతో దిగారు. ఇనుప పలకలు, ఇనుప దూలాలు, బోల్టులు. ఒడ్డు నుంచి ఒడ్డుకి వంతెన నిలబడింది. జీపు వెళ్ళినా ఊగలేదు.

ఊరు ఊరంతా ఒడ్డున నిలబడి చూసింది. వంతెన మొదట్లో ఒక బోర్డు పాతారు.

'ఈ వంతెన విచారణ నిమిత్తం మాత్రమే. దీనిని వంతెనగా పరిగణించరాదు. కేసుకు సంబంధించిన వారికి మాత్రమే ప్రవేశం.'

దారికి అడ్డకర్ర కట్టి, బోర్డు పక్కన కుర్చీ వేసుకుని ఒక కాపలాదారు కూర్చున్నాడు. పైడమ్మని బండి వెనక ఎక్కించుకుని వచ్చిన తవిటినాయుణ్ణి అతను ఆపాడు.

"నువ్వు ఫిర్యాదుదారువి, ఎళ్ళొచ్చు. ఈవిడెవరు?"

తవిటినాయుడి బుర్రలో బల్బు వెలిగింది.

"నా సాచ్చి. ఒకటో నెంబరు సాచ్చి."

"సాక్షులు ఇటు ఊళ్ళోకి రావాలి గానీ, అటు టౌనుకి ఎందుకు?"

"సాచ్చి బతికుంటే కదేటి సాచ్చికం సెప్పడానికి! దాన్ని బతికించడానికే తీసుకెల్తన్నాను."

కాపలాదారు నిబంధనల పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాడు. సాక్షిని చావనివ్వమని ఎక్కడా లేదు. అడ్డకర్ర పైకెత్తాడు.

ఆ సాయంత్రానికల్లా గుర్రాలవలసలో సాక్షి కానివాడు మిగల్లేదు. బడిపిల్లలు సాక్షులు. పాలమ్మేవాళ్ళు సాక్షులు, పాలిచ్చే గేదెలు వస్తుసాక్ష్యం. పక్కూరి నుంచి వచ్చిన పెళ్ళివారు మేళతాళాలతో సహా ఉమ్మడి సాక్షులుగా దాటారు. పైడమ్మ డయాలసిస్‌కి ఒక్కసారి కూడా తప్పకుండా వెళ్ళొస్తోంది. ఉబ్బు తగ్గింది. కూరలో ఉప్పు లేదని మొగుడి మీద విసుక్కునేంత ఓపిక వచ్చింది.

*

మొదటి విచారణ ఘనంగా జరిగింది.

ఎమ్మెల్యే గారు వంతెన మీద నడిచొస్తూ మధ్యలో ఆగి, చేతులు పైకెత్తారు.

"అధ్యక్షా! అదే, కమిషనర్ గారూ! ఇదిగో వంతెన! ఇదిగో నేను! హామీ నెరవేరింది! కేసు కొట్టేయండి!"

"ఆగండి," అన్నారు చిదానందం గారు. "తమరు నిలబడినది వంతెన కాదు. విచారణ పరికరం. చట్టం దృష్టిలో అక్కడేమీ లేదు. తమరు ప్రస్తుతం గెడ్డ పైన గాలిలో ఉన్నారు."

ఎమ్మెల్యే గారు కిందికి చూసుకుని, గబగబా దాటేశారు.

అప్పటి జనాన్ని అప్పటిలాగే కూర్చోబెట్టారు. అప్పటి దండలే తెప్పించారు. అప్పుడు ఈల వేసిన అసిరయ్యని అక్కడే నిలబెట్టారు. ఎమ్మెల్యే గారు మైకు ముందుకు వచ్చారు. వద్దు వద్దనుకుంటూనే మొదలుపెట్టారు గానీ, మైకు చేతికొచ్చాక ఆయన్ని ఆపడం ఆయన తరం కూడా కాదు. గెడ్డ, వంతెన, మీ బిడ్డని, మీ కష్టం నా కష్టం... చిదానందం గారు తల ఊపుతూ రాయిస్తున్నారు.

"బాగుంది. హామీ రూపం స్పష్టంగా ఉంది. ఈ పూటకే తేల్చేయవచ్చు."

తవిటినాయుడి గుండె పొంగింది. పక్కనే ఉన్న ఇంజినీరు ఫోనులో ఎవరితోనో అంటున్నాడు. "అవును, లారీలు సాయంత్రానికి పంపండి. తీర్పు రాగానే బోల్టులు విప్పేయాలి. కేసు ముగిస్తే పరికరం హెడ్డాఫీసుకి జమ చేయాలి కదా."

పొంగిన గుండె అక్కడే ఆగిపోయింది.

తవిటినాయుడు చిదానందం గారి బల్ల దగ్గరికి పరిగెత్తాడు. "బాబూ, తీర్పు వస్తే ఈ వంతెన...?"

"ఏ వంతెన?"

"అదే బాబూ, లేని వంతెన."

"విప్పేస్తారు. విచారణ లేనప్పుడు విచారణ పరికరం దేనికి? తమరికి న్యాయం జరిగాక ఇంకేం కావాలి?"

తవిటినాయుడు పైడమ్మ వైపు చూశాడు. సాక్షుల వరసలో ముందు కుర్చీలో కూర్చుని, చీరకొంగుతో విసురుకుంటోంది. ఆకాశం వైపు చూశాడు. పడమట సన్నగా నల్లబడుతోంది. అతను చెయ్యెత్తాడు.

"బాబూ, అబ్బెచ్చెను! ఆ పొద్దు దండలు బంతిపూలవి కావు. సామంతిపూలవి. ఇప్పుడు బంతులు ఎట్టినారు. అంతా తేడా వచ్చీసినాది."

"ఫిర్యాదుదారే అభ్యంతరం చెప్పడమా?"

"నిజం నిజమే కద బాబూ."

చిదానందం గారి ముఖంలో గౌరవం కనిపించింది. కలం మూశారు. "పుష్పభేదం కారణంగా విచారణ వాయిదా."

ఆ తర్వాత వాయిదాలు వరసకట్టాయి. ఒకసారి ఈల వేసే అసిరయ్య పళ్ళు కట్టించుకోవడంతో ఈల అప్పటిలా రాలేదు. ఇంకోసారి జనం చప్పట్లు కొట్టవలసిన చోట కాకుండా ముందే కొట్టేశారు. ఆ రోజు పులిహోర పొట్లాలు పంచిన సంగతి తవిటినాయుడికి మరో వాయిదా నాటికి గుర్తొచ్చింది. పొట్లాలు వచ్చాయి, పులుపు చాల్లేదు. సంఘం వారికి ప్రతి వాయిదాకీ ప్రయాణ భత్యం ఉంది. ఎవరూ నొచ్చుకోలేదు.

ఒక వాయిదా రోజున ఎమ్మెల్యే గారు షామియానా వెనక్కి వచ్చి తవిటినాయుడి భుజం పట్టుకున్నారు.

"ఒరే తవిటీ, నిజం చెప్పు. నువ్వు నా పదవి తీద్దామనుకుంటున్నావా, కాపాడదామనుకుంటున్నావా?"

"తీద్దామనే వచ్చినాను బాబూ. ఇప్పుడు మాత్రం మీరు నిండు నూరేళ్ళూ ఎమ్మెల్యేగా ఉండాల. ముద్దాయిగా కూడా ఉండాల."

ఎమ్మెల్యే గారు నాలుగు క్షణాలు ఆలోచించి, గొంతు తగ్గించారు. "ఈసారి దేంట్లో తేడా తెద్దాం?"

"మీ పంచె అంచు బాబూ. ఆ పొద్దు ఎర్రంచు. వచ్చే వాయిదాకి పచ్చంచు కట్టుకు రండి."

"నువ్వు నా దగ్గర ఉండాల్సినవాడివిరా," అన్నారు ఆయన మనస్ఫూర్తిగా.

*

అంతా సజావుగా సాగుతుండగా రాజధాని నుంచి కొత్త ఉత్సాహం ఒకటి దిగింది. పెండింగ్ రహిత పక్షోత్సవాలు. రాష్ట్రంలో ఏ ఆఫీసులోనూ ఏ కేసూ మిగలకూడదు. ఎక్కువ కేసులు మూసిన అధికారికి శాలువా, జ్ఞాపిక. చిదానందం గారు రిటైరవ్వబోతున్నారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయనకి శాలువా పడలేదు.

ఆఖరి విచారణ రోజున తెల్లవారే లారీలు వచ్చేశాయి. పనివాళ్ళు రెంచీలు పట్టుకుని వంతెన రెండు చివరలా కూర్చున్నారు. గెడ్డ అప్పటికే ఎర్రనీళ్ళతో మోకాలు దాటి పారుతోంది. పైన కొండల్లో రెండు రోజులుగా వాన. పైడమ్మ మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాలి.

చిదానందం గారు కూర్చోకుండానే మొదలుపెట్టారు.

"పక్షోత్సవాల సందర్భంగా పూలు, పంచెలు, ఈలలు, పులుపు వగైరా భేదాలన్నీ మాఫీ చేయడమైనది. ప్రతివాది హామీని చివరిసారి ఉచ్చరించాలి. అనంతరం తీర్పు."

"బాబూ, అబ్బెచ్చెను..."

"అభ్యంతరాలు కూడా మాఫీ."

"అయితే నా ఫిర్యాదు ఎనక్కి తీసుకుంటాను!"

"తీసుకోవచ్చు. కేసు మూసినట్టే లెక్క."

"నాను అబద్ధం సెప్పినాను బాబూ! ఆయనే హామీ ఇవ్వనేదు!"

"అలాగైనా మూసినట్టే," అన్నారు చిదానందం గారు సంతోషంగా.

వంతెన దగ్గర ఎవరో రెంచీని బోల్టుకి తగిలించి చూసుకున్న చప్పుడు వినపడింది. పైడమ్మ మొగుడి వైపు చూస్తోంది. ఆ చూపు తప్పించుకుని తవిటినాయుడు మైకుసెట్టు దగ్గరికి జరిగాడు.

ఎమ్మెల్యే గారు వేదికెక్కారు. ముఖం పాలిపోయి ఉంది. మైకు కీచుమంది. ఆ కీచు తవిటినాయుడే పెట్టించాడో, దానంతటదే వచ్చిందో ఎవరికీ తెలియదు. అతను మాత్రం మైకు సరిచేయడానికి ఒక్క గెంతులో వేదిక మీద ఉన్నాడు. మైకు స్టాండు మర తిప్పుతూ ఎమ్మెల్యే గారి చెవిలో అన్నాడు.

"బాబూ, ఇది ఇలక్సను మీటింగే కదా?"

"కమిషనరే అంటున్నాడుగా, అచ్చం అదేనని."

"అయితే ఇక్కడ మీరేటి సెప్పినా హామీయే. కొత్తదొకటి ఇచ్చీయండి. నాను ఎంటనే ఫిర్యాదు ఎట్టీస్తాను."

చీకట్లో టార్చి వేసినట్టు ఎమ్మెల్యే గారి కళ్ళు వెలిగాయి. మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! వంతెన సంగతి అలా ఉంచండి! మీ ఊరికి నేనొక బడి కట్టిస్తా..."

తవిటినాయుడు ఆయన పంచె లాగాడు. "బడి వద్దు బాబూ! రెండు రేకులేసి కట్టీసినామంటారు. కేసు మూసేస్తారు."

"ఆసుపత్రి కట్టిస్తా..."

తవిటినాయుడి చెయ్యి పంచె మీద ఆగింది. ఆసుపత్రి. ఊళ్ళోనే. గెడ్డ దాటక్కర్లేదు. ఒక్క క్షణం అతని కళ్ళ ముందు తెల్లగోడలు కనిపించాయి. ఆ వెంటనే మిగతాదీ కనిపించింది. ఒక అద్దె గది, దాని మీద బోర్డు, తలుపుకి తాళం. హామీ నెరవేరింది, కేసు మూసేశాం, వంతెన విప్పేశాం. పంచె గట్టిగా లాగాడు.

"అదీ వద్దు బాబూ. బోర్డు కట్టీసి అయిపోయినాదంటారు. ఎవడూ దొంగలెక్క సూపించనేనిది, ఎప్పుడికీ అవనిది సెప్పండి!"

వరాహ నరసింహం గారు కళ్ళు మూసుకున్నారు. ఆయన రాజకీయ జీవితం మొత్తం ఈ క్షణం కోసమే శిక్షణ ఇచ్చినట్టుంది. గుండెల నిండా గాలి పీల్చుకున్నారు.

"గుర్రాలవలసకి విమానాశ్రయం తెస్తాను!"

మరుక్షణం అసిరయ్య, కొత్త పళ్ళలోంచే అయినా, చెవులు చిల్లులు పడేలా ఈల వేశాడు. షామియానా ఎగిరిపోతుందేమోనన్నంతగా చప్పట్లు.

"ఇక్కణ్ణుంచి ఢిల్లీకి విమానం! సింగపూర్‌కి విమానం! మీ గేదెపాలు విమానంలో..."

"ఆపండి!" చిదానందం గారు లేచి నిలబడ్డారు. "ఏమిటిది? విచారణలో కొత్త హామీలా?"

తవిటినాయుడు మైకు లాక్కున్నాడు. "బాబూ, ఇది అచ్చం ఇలక్సను మీటింగని మీరే అన్నారు. ఇక్కడ సెప్పింది హామీ అవునా కాదా? కాదంటే పాతది కూడా ఇక్కడ సెప్పిందే, అదీ కాదు. అవునంటే ఇదీ అవును. నాను ఫిర్యాదు ఎడతన్నాను. ఎమ్మెల్యే గారు ఇమానాల టేసను కడతానన్నారు, ఇంకా కట్టనేదు!"

"ఇప్పుడే కదయ్యా అన్నది!"

"అంటే, గడువియ్యాలంటారా బాబూ?"

చిదానందం గారు కూర్చున్నారు. నిబంధనల పుస్తకం తెరిచారు. మూశారు. శాలువా ఆయన భుజాల మీదినుంచి మెల్లగా జారిపోతున్నట్టు అనిపించిందేమో, రెండు చేతులతో భుజాలు నిమురుకున్నారు. కానీ ఆయన నియమం తప్పే మనిషి కాదు. లేచి, గొంతు సవరించుకున్నారు.

"సంఘం చెవులారా విన్న హామీని సంఘం విననట్టు నటించజాలదు. ఒకే వేదిక మీద, ఒకే ప్రతివాది నుంచి వెలువడినందున రెండు హామీలూ ఒకే కేసుగా కలపడమైనది. విమానాశ్రయం ఒక బృహత్తర నిర్మాణం కాబట్టి, ప్రతివాదికి సముచితమైన, సుదీర్ఘమైన గడువు ఇవ్వడమైనది. అంతవరకు విచారణ పరికరం యథాస్థానంలో ఉండవలెను. అంతేకాక..." అంటూ గెడ్డ వైపు చూశారు, "విమానాశ్రయ స్థల పరిశీలనకు వచ్చే అధికారుల వాహనాల బరువును దృష్టిలో ఉంచుకుని, దానిని మరింత పటిష్ఠం చేయవలెను."

పనివాళ్ళు రెంచీలు సంచిలో పడేసుకున్నారు. లారీలు ఖాళీగా వెనక్కి తిరిగాయి. ఎమ్మెల్యే గారిని జనం భుజాల మీద ఎక్కించుకుని వంతెన దాకా తీసుకెళ్ళారు. ముద్దాయి మెడలో ఆ రోజు పడినన్ని దండలు గెలిచిన రోజు కూడా పడలేదు.

ఆయన కారెక్కబోతూ వెనక్కి తిరిగి, "తవిటీ! ఓడరేవు కూడా ఒకటి ప్రకటించమంటావా? సముద్రం కాస్త దూరమే అనుకో," అన్నారు.

"ఒకేసారి అన్నీ ఎందుకు బాబూ. దాసి ఉంచండి."

మర్నాడు తెల్లవారేసరికి గెడ్డ ఒడ్డుల్ని ఒరుసుకుంటూ పారుతోంది. ఎర్రటి నీళ్ళలో పెద్ద పెద్ద దుంగలు కొట్టుకొస్తున్నాయి. వంతెన కింద హోరు. తవిటినాయుడు బండి నెమ్మదిగా నడుపుతున్నాడు. వెనక పైడమ్మ తల మీద కొంగు కప్పుకుని, అతని నడుం గట్టిగా పట్టుకుంది. కాపలాదారు సాక్షిని చూసి కర్ర పైకెత్తి నమస్కారం పెట్టాడు.

సగం దాటాక పైడమ్మ మబ్బుల వైపు తలెత్తింది.

"ఏటయ్యా, నిజంగా మనూరికి ఇమానం వస్తాదేటి?"

"రాకూడదని మొక్కుకోయే," అన్నాడు తవిటినాయుడు, ముందుకే చూస్తూ.